గిటారు మీద బాపు చెయ్యి

చవక ఎలక్ట్రిక్ గిటారును ఎలా ఎంచాలో నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు. డెబ్బైల మొదట్లో మా గోదావరిఖనిలో గిటారును దగ్గర నుంచి చూసినవాళ్లే తక్కువ. సికింద్రాబాదులో పాత పుస్తకాలు అమ్మే చోట అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. మెడ వంకర పోయిందేమో కన్ను ఆనించి చూడమంది. మెడ మీది లోహపు మెట్ల అంచులు వేలికి గీసుకుంటే వద్దంది. తీగలు బిగించే బిరడాలు తిప్పిన చోట నిలవాలట. తీగల కింద ఉండే అయస్కాంతం ఆరు తీగలనూ ఒకే తీరుగా అందుకోవాలట. అన్నిటికన్నా ముందు, రంగు చూసి మోసపోవద్దంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నేను సభల్లో జనానికి చెప్పేదీ అదేనని మురిసిపోయాను.

సభలంటే పెద్దవేమీ కావు. బొగ్గు గనుల వాళ్ల కాలరీ బడిలో పంతులుగా చేరిన కొత్తలో మేం కొందరం కాలనీ గ్రంథాలయంలో చర్చలు పెట్టేవాళ్లం. దయ్యాలు, జాతకాలు, దిష్టి, పూనకాలు, ఏదీ వదిలేవాళ్లం కాదు. ఋజువు లేనిది నమ్మకూడదు, ఎవరు చెప్పినా సరే. నా మాటకు చప్పట్లు పడేవి. వాటి కోసమే గొంతు ఇంకో మెట్టు పెంచేవాణ్ని.

ఒకసారి గ్రామదేవత మైసమ్మ మీద చర్చ జరిగింది. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ప్రతి బాయి మూతి దగ్గరా ఒక మైసమ్మ గద్దె ఉంటుంది. దిగే ప్రతి మనిషీ అక్కడ ఆగి, పసుపు పూసిన రాయిని తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని దిగుతాడు. ఆ రాయి నెత్తిమీది రాయిని ఎలా ఆపుతుందో చెప్పమని నేను సభను నిలదీశాను. అప్పుడు మా బాపును, అంటే మా నాన్నను, తీసుకొచ్చాను. మనిషిని కాదు, ఆయన చెవిని.

బాపు కప్పు చూసే మనిషి. బొగ్గు తీసేశాక లోపల నెత్తిమీద మిగిలే రాతిని కప్పు అంటారు. పని మొదలుపెట్టే ముందు, మందు పేల్చిన తర్వాత, ఇనుప పొన్ను ఉన్న పొడవాటి కట్టెతో ఆ కప్పును తట్టి వినాలి. గట్టి రాయి ఖంగున మోగుతుంది. పొర విడిన రాయి డొల్లగా, పగిలిన కుండలా పలుకుతుంది. డొల్ల పలికిన చోట మనుషులు నిలబడరు. ఆ రాతిని దింపాలి, లేదా కింద దుంగలు నిలబెట్టాలి. బాపు తట్టి తల ఊపితేనే గ్యాంగు గ్యాలరీలోకి, అంటే బొగ్గు తవ్విన సొరంగంలోకి, అడుగు పెట్టేది.

"కొబ్బరికాయ కొట్టకుండా దిగండి, ఏమీ కాదు. మా బాపు చెవి లేకుండా దిగి చూడండి" అన్నాను సభలో.

చప్పట్లు మోగాయి. మా పక్క క్వార్టరులో ఉండే హాలర్ డ్రైవరు లేచాడు. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను ఆయన నడిపేవాడు. సాయంత్రాలు ఇంట్లో భజన పెట్టేవాడు. మెత్తని మనిషి.

"పంతులూ, గా చెవి మీ బాపుకు ఎవరిచ్చిండ్రు?" అన్నాడు.

అనుభవం ఇచ్చిందన్నాను. ఆయన చిన్నగా నవ్వి కూర్చున్నాడు. గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు గిటారు మాట వచ్చింది. మా తమ్ముడు అప్పుడు వర్క్‌షాపులో ఫిట్టరు పని నేర్చుకుంటున్నాడు. స్నేహితుడి గిటారు అడిగి తెచ్చుకుని వేళ్లు కాయలు కాసేదాకా సాధన చేసేవాడు. కార్మికుల క్లబ్బు వాళ్లు ఆర్కెస్ట్రా కడుతున్నారు. సొంత గిటారు ఉంటే చేర్చుకుంటామన్నారు. కొనిద్దామని బాపు తనంతట తానే అన్నాడు. ఆదివారం ముగ్గురం ప్యాసింజరు బండెక్కి, గోదావరి దాటి మంచిర్యాల వెళ్లాం. అక్కడ రేడియోలు, మైకుసెట్లు అమ్మే సేటు దగ్గర రెండు గిటార్లు ఉన్నాయని తమ్ముడికి కబురు అందింది.

ఒకటి ఎర్రది, లోపల బోలు. రెండోది నల్లది, నిండు చెక్క. రెండూ కలకత్తా సరుకే, రెండూ చవకవే. నేను పుస్తకంలో చదివినట్టు మెడకు కన్ను ఆనించాను, బిరడాలు తిప్పాను, మెట్ల అంచులు వేలితో తడిమాను. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను తెలిసినవాడిలా చూస్తున్నారు. ఆ చూపు నాకు ఇష్టం.

ఇంతలో బాపు ముందుకొచ్చాడు. ఎర్ర గిటారును బల్ల మీద పెట్టి, వెనకవైపు ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేతి వేలి కణుపుతో తట్టాడు. తల వంచి, కళ్లు మూసుకుని, ఇంకోచోట తట్టాడు. అంచు వెంట తట్టుకుంటూ పోయాడు. బాయిలో కప్పును ఎలా చూస్తాడో అచ్చం అలాగే. కళ్లు తెరిచి దాన్ని పక్కకు నెట్టాడు.

"గిది డొల్ల. పనికి రాదు" అన్నాడు.

సేటు ఉర్దూ కలిపిన తెలుగు మాట్లాడే సరదా మనిషి. "కాకా, తర్బూజా కొంటున్నవా, గిటార్ కొంటున్నవా?" అన్నాడు. పుచ్చకాయను తట్టి చూసినట్టే ఉందని బేరానికి వచ్చిన నలుగురూ పగలబడి నవ్వారు. గిటారు డొల్లగా ఉంటే తప్పేమీ లేదు, కొన్నిటిని కావాలనే అలా చేస్తారు. ఎలక్ట్రిక్ గిటారుకైతే డొల్లా నిండూ అంత లెక్కలోకి రావు. తీగల కింది అయస్కాంతమే చప్పుడును వైరులోకి పంపుతుంది. ఇదంతా నాకు తెలుసు. ఆ నవ్వుల మధ్య నా చెవులు కాలిపోయాయి. మా బాపు కాదన్నట్టు ఒక అడుగు పక్కకు జరిగి, గోడ మీది రేడియోల వైపు చూడటం మొదలుపెట్టాను.

బాపు ఇదేమీ పట్టించుకోలేదు. నల్ల గిటారు మీద చెయ్యి ఆనించి దాన్నీ తడుతున్నాడు.

తమ్ముడు ఎర్ర గిటారుకు వైరు తగిలించి, చప్పుడు పెంచే స్పీకరు పెట్టె దగ్గర నిలబడ్డాడు. సేటు మోత పెంచాడు. బోలు గిటారు పెట్టెకు మరీ దగ్గరగా ఉంటే కీచుమని అరుస్తుంది. అలాగే అరిచింది. సూది చెవిలో దింపినట్టు సన్నగా, ఆగకుండా. అందరం చెవులు మూసుకున్నాం. వీధిలో సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి మా వైపు తిరిగాడు. సేటు ఉరికి స్విచ్చి నొక్కాడు.

బాపు ఆ పెట్టె పక్కనే ఉన్నాడు. నల్ల గిటారును తడుతూనే ఉన్నాడు. కీచు ఆగిపోయాక, తలెత్తి మా ముఖాలు చూసి, "ఏమైంది, అందరు గట్ల జూస్తుండ్రు?" అన్నాడు.

పరిహాసం చేస్తున్నాడనుకుని సేటు మళ్లీ నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. అందరూ నవ్వుతున్నప్పుడు కలిసిపోవడానికి నవ్వే నవ్వు అది. దాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చూశానో! ఎప్పుడూ గుర్తుపట్టలేదు.

తమ్ముడు నల్ల గిటారు వాయించాడు. వేలు నొక్కకుండా మీటితే సన్నతీగ మెడ మొదటి మెట్టుకు తగిలి జీరగా పలికింది. ఎవరికైనా వినబడుతుంది. బాపు చెక్క మీద అరచెయ్యి పెట్టి, "గిది గట్టిగున్నది. గిదే తీస్కో బిడ్డా" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. జీర పలికేదాన్ని తీసుకోవద్దని నా పుస్తకం చెప్పింది. నేను మళ్లీ రేడియోల వైపు తిరిగాను. తమ్ముడు సరేనన్నాడు.

తిరుగు బండిలో బాపు మా ఎదురుగా కూర్చున్నాడు. దుప్పట్లో చుట్టిన గిటారును మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాడు. బండి గోదావరి వంతెన ఎక్కగానే పెట్టె అంతా ఇనుప మోతతో నిండిపోయింది. తమ్ముడు బాపు ముఖం చూస్తూనే నాతో అన్నాడు.

"అన్నా, బాపుకు సన్నటి సప్పుడు ఇనవడ్తలేదు."

"ఎప్పటి సంది?"

"ఏమో. చెయ్యితోని పట్టుకుంటుండు. సూసినవు గదా, తట్టేటప్పుడు రెండో చెయ్యి కింద వెట్టిండు. చెయ్యి అందే కప్పుకు ఫికర్ లేదు. కొత్త గ్యాలరీల కప్పు బాగ ఎత్తట. చెయ్యి యాడికెళ్లి అందుతది?"

మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆయన గురించి మాట్లాడుకున్నాం. గొంతు తగ్గించే అవసరం కూడా రాలేదు. గిటారు గురించి మాట్లాడుకుంటున్నామనుకుని బాపు మమ్మల్ని చూసి తృప్తిగా నవ్వాడు. నేను కిటికీలోంచి నీళ్ల వైపు తిరిగాను.

ఇల్లు చేరాక అవ్వను, మా అమ్మను, వంటగదిలో అడిగాం. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కే. ఎన్కనుంచి పిలిస్తె పల్కడు. ఎదురుంగ నిలవడి మాట్లాడుత. ఇంట్ల ఇనవడకుంటె ఏమాయె, బాయిల ఇనవడ్తది గదా అనుకున్న."

ఆ మాటకు ఆమెను చూసి నవ్వలేకపోయాను. బాయిలో బాపు చెవి వేరే చెవి అని మేమందరం నమ్మాం. ఇంట్లో పిలిస్తే పలకని మనిషి, భూమి కింద రాయి గుసగుసలు వింటాడని. ఆమె పొయ్యి దగ్గర నమ్మింది. నేను సభలో, మైకు ముందు నమ్మాను.

మరునాడు బాపుకు మొదటి షిఫ్టు. చెప్పాలంటే ఆ సాయంత్రమే చెప్పాలి. కానీ ఎలా? బాపుకు చదువు రాదు. నోటితో చెబితే అరవాలి. మా లైను క్వార్టర్లలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, అదీ పైకప్పు దాకా లేదు. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో వినబడేది. అవతల హాలర్ డ్రైవరు భజన తాళాలు తుడుచుకుంటున్న చప్పుడు కూడా తెలుస్తోంది. బాపు చెవి గురించి ఈ గోడ పక్కన నేను ఎలా అరవను?

తమ్ముడే దారి కనిపెట్టాడు. వాకిట్లో మంచం వేసి, వైరు లేకుండానే గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. నిండు చెక్క గిటారుకు కరెంటు లేకపోతే గొంతు చాలా చిన్నది. పరీక్ష న్యాయంగా ఉండాలని, నేను బాపు కంటే దూరంగా గుమ్మంలో నిలబడ్డాను. బాపు మంచం పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

తమ్ముడు లావుతీగ మీటాడు. బాపు తల ఊపాడు. సన్నతీగ మీటాడు. బాపు తమ్ముడి వేళ్ల వైపే చూస్తూ, "ఇనవడ్తుంది, మంచిగున్నది" అన్నాడు.

తమ్ముడు మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. వేళ్లు కనబడకుండా వీపు అడ్డం పెట్టి సన్నతీగను మళ్లీ మళ్లీ మీటాడు. గుమ్మంలో ఉన్న నాకు ఒక్కొక్కటీ వినబడుతోంది. బాపు కాసేపు చూసి, "వాయించు మరి" అన్నాడు.

తమ్ముడు ఆపలేదు. మోచెయ్యి కదులుతూనే ఉంది. బాపుకు అనుమానం వచ్చింది. లేచి, ముందుకు వంగి, గిటారు అంచు మీద అరచెయ్యి పెట్టాడు. చెక్క అదురుతోంది. చెయ్యి తీశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. ఆయన ముఖంలోకి నేను చూడలేకపోయాను.

బాపు మా వైపు తిరిగాడు.

"నిన్న ఎత్తు గ్యాలరీల కప్పు మంచిగున్నదని చెప్పిన. పొద్దుగాల వాళ్లు గక్కడికే పోతరు."

అంగీ తొడుక్కుని బయటికి నడిచాడు. మేం వెనకే వెళ్లాం. గ్యాంగుకు పెద్ద అయిన సర్దార్ క్వార్టరు లైను చివర ఉంది. ఆయన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వినికిడి పోయినవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. బాపు రహస్యంగానే చెప్పాననుకుని ఉంటాడు. లైనంతా విన్నది.

"సర్దార్, నాకు ఇనవడ్తలేదు. రేపు ఎత్తు గ్యాలరీల కప్పు ఇంకొకలతోని చూపియ్యి. అప్పటిదాక ఎవ్వల్ని పోనియ్యకు."

ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్లు తిరిగి చూశారు. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. దొంగతనం చేసి దొరికినవాడు కూడా అలా నిలబడడు. ఆయన పక్కకు వెళ్లి నిలబడాలని నాకు తెలుసు. నేను వెళ్లలేదు. తమ్ముడు వెళ్లి నిలబడ్డాడు.

మరునాడు వేరే మనిషి కప్పు తట్టాడు. అంతా బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ డొల్ల పలికింది. దుంగలు నిలబెట్టారు. గ్యాంగులో ఒకాయన శనివారం ఆ చోటే కూర్చుని సద్ది తిన్నాడట. ఆయన బాపును ఏమీ అనలేదు. చాలాకాలం మాట్లాడనూ లేదు. మిగతావాళ్లు బాయి మీద హాజరు దగ్గర ఆట పట్టించారు. "కాకా, ఇన్నొద్దులు మా నెత్తి మీదనే గిటార్ వాయించినవా?" అన్నాడొకడు. అందరూ నవ్వితే బాపు కూడా నవ్వాడు. ఏమన్నాడో ఆయనకు వినబడలేదు. బడికి పోతూ అటు వచ్చిన నాకు వినబడింది.

బాపును బాయి పైకి మార్చారు. టోపీ దీపాలు ఇచ్చే గదిలో పని. దిగేవాళ్లు తమ నంబరు బిళ్ల బల్ల మీద పెడితే, ఆ నంబరు దీపం తీసి ఇవ్వాలి. అంకెలు పోల్చుకుంటే చాలు, మాట అక్కర్లేని పని. ఎవరైనా పలకరిస్తారేమోనని బాపు బిళ్లల మీది నుంచి చూపు ఎత్తేవాడు కాదు.

తర్వాతి చర్చాసభలో హాలర్ డ్రైవరు లేచాడు. ఎగతాళి చేయడానికి కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"పంతులూ, కోపం తెచ్చుకోకు. ఇన్నొద్దులు మీ బాపు చెవి పనిజెయ్యలే. మరి మమ్ముల కాపాడిందెవరు?"

నేను మైకు ఆపేశాను. ఆ పూట సభ అలాగే ముగిసింది.

ఇవాళ జవాబు చెప్పగలను. చెయ్యి అందినంత మేరా ఆయన అరచెయ్యి కాపాడింది. దుంగలు కాపాడాయి. పక్కవాళ్ల కళ్లూ చెవులూ కాపాడాయి. చెయ్యి అందని ఎత్తులో, ఆ కొన్నాళ్లూ, రాయి రాలకపోవడం ఉట్టి అదృష్టం. అదృష్టానికి పసుపు పూసి పూజించనక్కర్లేదని ఇప్పటికీ అంటాను, రేపూ అంటాను. మైసమ్మ గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ ఈ జవాబు చెబుతుంటే సిగ్గు తగ్గడం లేదు. మైసమ్మకు ఋజువు చూపమని ఊరందరినీ అడిగినవాణ్ని, మా బాపు చెవికి ఋజువు అడగలేదు. ఒక్క తీగ మీటితే తేలిపోయేది. దాన్నీ నేనొక గద్దె మీద పెట్టి, పసుపు పూసి, నా గెలుపు కోసం ఊరంతా తిప్పాను. ఇంట్లో మనిషి ఎదురుగా నిలబడితే తప్ప పలకడం లేదని నాకు కనబడలేదు. ఆయనతో నేను ఎంత తక్కువగా మాట్లాడేవాణ్నో దాన్నిబట్టే తెలుస్తుంది.

గిటారు సంగతి చెప్పాలి. పుస్తకం లెక్కన అది నాసిరకం. ఒక బిరడా జారేది. సన్నతీగను అయస్కాంతం సరిగా అందుకునేది కాదు. తమ్ముడు మెడ మొదట్లో, తీగలు ఆనుకునే పట్టీ కింద పలచటి రేకుముక్క దోపాడు. జీర తగ్గింది, పూర్తిగా పోలేదు. దానితోనే క్లబ్బు ఆర్కెస్ట్రాలో చేరి వెనక వరుసలో వాయించాడు. దాని విలువెంతని ఎవరైనా అడిగితే చెప్పడం నా వల్ల కాదు. మా ఇంట్లో జరిగిన ఒకే ఒక నిజమైన పరీక్ష దానితో జరిగింది.

తమ్ముడు ఇంట్లో సాధన చేసే సాయంత్రాలు బాపు వచ్చి పక్కన కూర్చునేవాడు. చెక్క మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, కాసేపయ్యాక "గట్టిగున్నది" అనేవాడు. నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయేవాణ్ని. ఒకరోజు పోనివ్వలేదు. నా మణికట్టు పట్టుకుని లాగి, నా అరచేతిని తీసుకెళ్లి గిటారు మీద పెట్టాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. ఎట్లున్నది?"

చెక్క నా చేతి కింద సన్నగా అదిరింది. అది మంచి అదురో, చెడ్డదో, గట్టిదనో, డొల్లదనో ఏమీ అంతుపట్టలేదు. మెల్లగా "తెలుస్తలేదు బాపూ" అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూసి, తల అడ్డంగా ఊపి, చెవి దగ్గరికి తెచ్చాడు. గోడవతల తాళాలతో భజన సాగుతోంది.

"నాకు తెలుస్తలేదు బాపూ" అని గట్టిగా అరిచాను.

తాళాలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యాయి.